నేర్చుకున్న ఎక్కం తెల్లారేసరికి మర్చిపోతున్నాడు.. నేను తాగిన వైన్ వల్లేనా డాక్టర్?

ప్రశ్న: మాది కడప, పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం, ఇద్దరం సాఫ్ట్‌వేర్. బాబుకి 8 ఏళ్లు, థర్డ్ క్లాస్. రాత్రి గడగడా అప్పజెప్పిన ఎక్కం పొద్దున్నే అడిగితే తెల్లమొహం వేస్తాడు. పక్కవాడి పెన్సిల్ బాక్స్ తెచ్చుకుని మా డాడీ కొన్నాడంటాడు. కొట్టినా, బుజ్జగించినా మళ్లీ అదే. ఒక డాక్టర్ ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని టాబ్లెట్ ఇచ్చారు, ఒకచోట కూర్చోవడం కాస్త మెరుగు, అంతే. ఆయనకి చెప్పని విషయం ఒకటుంది. నాకు పీరియడ్స్ ఎప్పుడూ లేటే, తొమ్మిదో వారం దాకా ప్రెగ్నెన్సీ అని తెలీదు, అప్పటిదాకా శుక్రవారం టీమ్ పార్టీల్లో మూడు నాలుగు గ్లాసుల వైన్ తాగేదాన్ని. తెలిశాక ముట్టలేదు. గారాబంతో చెడగొట్టావని మా అత్తమ్మ అంటుంది. ఏ టెస్ట్ చేయిస్తే తేలుతుంది? రెండో బిడ్డ గురించి కూడా ఆలోచిస్తున్నాం, భయంగా ఉంది.

డాక్టర్ సలహా: చూడండమ్మా, ఉత్తరం చదివి జబ్బు పేరు చెప్పేసే డాక్టర్ని నమ్మకండి, నన్నైనా సరే. కానీ మీరు రాసినవి చూస్తే ఫీటల్ ఆల్కహాల్ స్పెక్ట్రమ్ డిజార్డర్ (పొట్టిగా ఎఫ్ఏఎస్‌డీ, అంటే కడుపులో ఉండగా తల్లి తాగిన ఆల్కహాల్ వల్ల బిడ్డ మెదడుకీ ఎదుగుదలకీ తగిలే దెబ్బ) అనే అనుమానం మాత్రం తీర్చుకోవాల్సిందే. తల్లి తాగింది మాయ దాటి బిడ్డ రక్తంలోకి వెళ్లిపోతుంది, దాన్ని విరిచి బయటికి పంపే శక్తి ఆ బుల్లి లివర్‌కి ఇంకా ఉండదు, ఉమ్మనీటిలో కూడా కాసేపు నిలబడిపోతుంది, ఇక మెదడంటారా, అది మొదటి వారాల నుంచి కాన్పు దాకా తయారవుతూనే ఉంటుంది. అందుకే ఇంత వరకు పర్లేదు, ఫలానా నెల దాటితే పర్లేదు అనే లెక్క ఇందులో లేదు. వైనైనా, బీరైనా, ఊళ్లో ఒంటికి చలవ అని పోసే కల్లైనా లోపల ఉండే ఆల్కహాల్ ఒకటే.

అలాగని తాగిన ప్రతి తల్లి బిడ్డకీ వస్తుందనుకోకండి, 2017లో వచ్చిన ఒక ప్రపంచ స్థాయి అంచనా ప్రకారం గర్భంతో ఉండగా తాగినవాళ్లలో 13 మందిలో ఒకరి బిడ్డకి వస్తుంది. జీన్స్, తల్లి తిండి, ఒకేసారి ఎంత తాగారు, ఇవన్నీ కలుస్తాయి. మీరు తాగే నాటికి మీకు తెలీదు, తెలిసిన రోజే మానేశారు, నా దగ్గరికొచ్చే తల్లుల్లో చాలామంది కథ ఇదే.

టెస్ట్ అడిగారు కదా, రక్త పరీక్ష గానీ స్కాన్ గానీ దీనికి లేదు. ఎంఆర్ఐ నార్మల్‌గా వచ్చినా లేదని చెప్పలేం. పై పెదవి పల్చగా, ముక్కుకీ పెదవికీ మధ్య గాడి నున్నగా, కళ్లు చిన్నవిగా ఉండటం పుస్తకాల్లో ఉండే గుర్తులు, కానీ ఎక్కువమంది పిల్లలకి ఆ మొహమే ఉండదు, కాబట్టి ఎవరైనా మొహం చూసి ఏం లేదమ్మా పొమ్మంటే అక్కడితో ఆగకండి. ఇందులో మీరు చెప్పే మాటే పెద్ద టెస్ట్. అది దాచారు కాబట్టి ఆ డాక్టర్‌కి కనిపించింది ఏడీహెచ్‌డీ ఒక్కటే, ఆయన తప్పు కూడా పట్టలేం, ఈ పిల్లల్లో చాలామందికి అది కూడా కలిసే ఉంటుంది. అసలు తప్పు మాది కూడా, 1973లో సియాటిల్ డాక్టర్లు దీనికి పేరు పెట్టారు, ఇన్నేళ్లయినా మన దగ్గర కడుపుతో ఉన్న ఆడమనిషిని మందు అలవాటుందా అని అడగాలంటే మాకే మొహమాటం.

ఇక అబద్ధాల సంగతి. ఇవాళ వచ్చింది రేపు పోవడం ఈ పిల్లల్లో మామూలే, నేర్చుకున్నది మెదడులో దాచిపెట్టుకోవడంలో, కావాల్సినప్పుడు బయటికి తీయడంలో తేడా ఉంటుంది. పెన్సిల్ బాక్స్ ఎక్కడిదని గద్దిస్తే జ్ఞాపకంలో ఉన్న ఖాళీని మెదడు ఏదో ఒక కథతో పూడ్చేస్తుంది, ఒక్కోసారి ఆ కథ నిజమేనని వాడే నమ్ముతాడు. నిన్న తిన్న దెబ్బకీ ఇవాళ చేసే పనికీ లంకె పెట్టుకోలేడు కాబట్టి కొట్టడం వల్ల ఏమీ రాదు, భయం తప్ప. స్నానం చేసి, బ్యాగ్ సర్ది, షూస్ వేసుకో అని ఒకే ఊపులో చెప్తే మొదటిది కూడా జరగదు, ఒక్కటి చెప్పండి, అయ్యాక రెండోది, రోజూ అదే వరస, గోడకి బొమ్మలు అంటించండి. ఎక్కం పదిసార్లు రాయించే బదులు గోలీలతో, చిల్లర డబ్బులతో చేయించండి. స్కూల్‌లో కొత్తదేదైనా మళ్లీ మళ్లీ చెప్పాలని, పరీక్షకి ఎక్కువ టైమ్ ఇవ్వమని అడగండి.

ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ, స్కూల్లో ఇంగ్లీషు, హిందీ, ఇన్ని భాషల వల్లే అయోమయం అని ఎవరో ఒకరు అంటారు, దాన్ని పట్టించుకోకండి, కాకపోతే పరీక్షలు చేసేటప్పుడు వాడికి బాగా వచ్చిన భాషలో చేయమనండి. హోసూర్ రోడ్డులో నిమ్‌హాన్స్ (మానసిక, నరాల జబ్బుల పెద్దాసుపత్రి)లో పిల్లల సైకియాట్రీ విభాగం ఉంది, అక్కడికి వెళ్లండి. ఐక్యూ, జ్ఞాపకశక్తి, తన పనులు తను ఎంత చేసుకుంటున్నాడు అన్నీ చూస్తారు. చెవులు, కళ్లు, గుండె, థైరాయిడ్ కూడా చూపించాలి, ఫ్రాజైల్ ఎక్స్ లాంటి జన్యు సమస్యలు కావని తేల్చుకోవాలి. ఐక్యూ నార్మల్ వస్తే సమస్య లేదనుకోకండి, ఈ పిల్లల్లో చాలామందికి నార్మల్‌గానే వస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఈ పేరు లేదు, కాబట్టి సర్టిఫికెట్ అవసరమైతే లెర్నింగ్ డిసబిలిటీ లాగా పరీక్షల్లో ఏది తేలితే దాని కింద అడగాలి. ఇప్పుడు వాడే టాబ్లెట్ మీ అంతట మీరు ఆపొద్దు. మనసు మరీ బరువైతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చేయండి, తెలుగులో మాట్లాడతారు.

రెండో బిడ్డకి ఏ అడ్డంకీ లేదు, బాబుకి వచ్చింది ఆల్కహాల్ వల్లేనని తేలితే అది దానంతటది రెండో బిడ్డకి రాదు. మీకు పీరియడ్స్ లేటు కదా, ప్రెగ్నెన్సీ తెలిశాక మానేద్దాం అంటే మళ్లీ అదే తొమ్మిదో వారం అవుతుంది, పిల్లలు కావాలనుకున్న నెల నుంచే మానేయండి, నెల ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు రోజూ వేసుకోండి. మీవారు కూడా మానేస్తే ఇంట్లో సీసా ఉండదు, మీకు తేలిక. ఇది చదివే వేరేవాళ్లకి ఒక మాట, రోజూ తాగే అలవాటుండి కడుపుతో ఉంటే సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు, డాక్టర్ దగ్గరుండి మాన్పిస్తారు.

అపాయింట్‌మెంట్‌కి వెళ్లేటప్పుడు కాన్పు నాటి డిశ్చార్జ్ సమ్మరీ, టీకాల కార్డు, వాడి నోటుబుక్కులు తీసుకెళ్లండి. ఏ వారం దాకా, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని గ్లాసులు అన్నది ఇంట్లోనే ఒక కాగితం మీద రాసుకోండి, అత్తమ్మ పక్కనే కూర్చుని ఉంటే నోటితో చెప్పక్కర్లేదు, ఆ కాగితం డాక్టర్ చేతిలో పెట్టేయండి చాలు.