ఎవరూ అడగని నల్లకుక్కకు ఇల్లు వెతికేటప్పుడు

అమ్మడూ,

ఆశీస్సులు. షెల్టరుకి వచ్చినవాళ్లంతా పిల్లకుక్కల దగ్గరే ఆగిపోతున్నారనీ, ఆ కుంటి నల్లకుక్కని ఏడాదిగా ఎవరూ అడగలేదనీ రాశావు. దాన్ని చూసి వద్దనుకున్నవాళ్లు తక్కువే ఉంటారు. అసలు చూసిందెవరని? బోనులో వెనక గోడకి ఆనుకుని, తోక కాళ్ల మధ్య ముడుచుకుని, మాటిమాటికీ మూతి నాక్కుంటుంటే కొత్తవాళ్లకి జబ్బు కుక్కలా కనబడుతుంది. అది భయం. అందుకే వచ్చినవాళ్లని బోను దగ్గరికి తీసుకెళ్లకు. కుక్కనే బయటికి తీసుకొచ్చి చెట్టుకింద చూపించు.

ముందు ఒళ్లు సరిచెయ్యి. చిగుళ్లు పాలిపోయినా, తిండి తగ్గినా పిడుదుల జ్వరానికి రక్తపరీక్ష చేయించు. ఆ జ్వరముంటే డాక్సీసైక్లిన్ అనే మందు సాధారణంగా 28 రోజులు రాస్తారు. వారానికే హుషారొచ్చిందని ఆపేస్తే జ్వరం తిరగబెడుతుంది. రేబిస్ టీకాతో పాటు లెప్టో కలిసిన టీకా కూడా వేయించు. ఎలుకల మూత్రం కలిసిన చేలనీళ్లు, కాలవనీళ్లు తాగితే వచ్చే జబ్బది, మన డెల్టాలో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చెవి కొస కత్తిరించి ఉంటే అది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన గుర్తని నువ్వే చెప్పు, లేకపోతే పుండనుకుంటారు. కళ్లలో నీలిఛాయ ఉంటే డాక్టరుకి చూపించు. ఏడేళ్లు దాటిన కుక్కల్లో వయసుతో వచ్చే ఆ ఛాయని చాలామంది శుక్లం అనుకుని వెనక్కి తగ్గుతారు.

నల్లకుక్కని తెల్లగోడ ముందు నిలబెట్టి ఫొటో తియ్యకు. ఫోను ఆ తెలుపుకి సర్దుకుని కుక్కని నల్లముద్ద చేసేస్తుంది. పొద్దున్న ఎనిమిదిలోపు పచ్చటి వరిచేను వెనకాల ఉండేలా నిలబెట్టి, నువ్వు దాని కంటి ఎత్తుకి కూర్చో. తెర మీద దాని మొహాన్ని తాకి, కొంచెం వెలుతురు పెంచి తియ్యి. మెళ్లో పసుపు పట్టీ కట్టు. తాడుతో నడుస్తున్నది, చేతిలో బిస్కెట్ తింటున్నది ఇరవై సెకన్ల వీడియో చాలు. కుంటుతుందని దాచకుండా మొదటి వాక్యంలోనే రాయి.

మనవైపు ఇళ్లలో కోళ్లుంటాయి కాబట్టి ఈ పరీక్ష తప్పనిసరి. కోడిని గంప కింద పెట్టి, కుక్కని తాడుతో పది అడుగుల దూరంలో నిలబెట్టు. ఓసారి చూసి నీ చేతిలో బిస్కెట్ తీసుకుంటే ఆశ ఉంది. చెవులు ముందుకి పెట్టి, ఒళ్లు బిగబట్టి, బిస్కెట్ వైపు కూడా తిరగకపోతే కోళ్లున్న ఇంటికి ఇవ్వకు. పందెం పుంజులు పెంచేవాళ్ల ఇంటికైతే అసలే వద్దు. ఒక్క పుంజు పోయినా ఆ రోజే కుక్కని కొట్టి తరిమేస్తారు.

ఇలాంటి కుక్కకి తగినవాళ్లు పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న రిటైరైన దంపతులు. చెప్పులు కొరికే కుక్కపిల్లతో వాళ్లు వేగలేరు. పెద్దకుక్కకి రెండుపూటలా తిండీ, నెమ్మదిగా నడిచే తోడూ ఉంటే సరిపోతుంది. కానీ ఆరునెలలు కొడుకు దగ్గరికి వెళ్తే దీన్ని ఎవరు చూస్తారో పేరుతో సహా చెప్పమను. ఆ మనిషితో నువ్వు కూడా మాట్లాడు. జూలై 6న జూనోసిస్ దినానికి, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినానికి, ప్రభుత్వ పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. కుక్కని ప్రేమగా ఎత్తుకొచ్చేవాళ్లు అక్కడ కనబడతారు. ఆ గోలలోకి దీన్ని లాక్కెళ్లకు, ఫొటో పట్టుకెళ్లు.

రొయ్యల చెరువు మకాం దగ్గర కాపలాకి అడిగేవాళ్లు తప్పకుండా వస్తారు. వద్దను. రొయ్యలు పట్టేశాక చెరువు ఎండగట్టి మనుషులు వెళ్లిపోతారు, కుక్క గట్టుమీదే మిగిలిపోతుంది.

ఇల్లు స్వయంగా చూడు. గేటు ఊచల మధ్య దాని తల పడుతుందా? రాత్రి ఎక్కడ పడుకోబెడతారు? పక్కచేలో ఎలుకలకి బ్రోమాడియోలోన్ కలిపిన నూకలు పెడతారా? ఆ మందు తిన్న కుక్క రెండుమూడు రోజులు బాగానే తిరుగుతుంది, తర్వాత లోపల రక్తం కారడం మొదలవుతుంది. దానికి విటమిన్ కె1 విరుగుడుంది. తిన్నదని అనుమానం రాగానే, లక్షణాల కోసం చూడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమను.

దీపావళి, సంక్రాంతి ముందు వారాల్లో అప్పగించకు. టపాకాయలకీ చుట్టాల సందడికీ బెదిరి పారిపోతుంది. ఆటోలో తీసుకెళ్లేటప్పుడు మెడపట్టీకొక తాడు, ఛాతీపట్టీకొక తాడు వెయ్యి. ఒక్క పట్టీ అయితే వెనక్కి లాక్కుని తల తప్పించేస్తుంది. ఎక్కువగా తప్పిపోయేది మొదటి వారంలోనే. మూడురోజులు స్నానం వద్దు, చుట్టాలు వద్దు, ఓ మూల, ఇక్కడి తిండే. ఒకరోజు తినకపోతే కంగారుపడొద్దని చెప్పు, రెండోరోజూ ముట్టకపోతే డాక్టరుకి చూపించమను. కుదురుకోవడానికి మూడు నెలలు పట్టొచ్చు.

పన్ను గీసుకున్నా సబ్బుతో కుళాయి కింద పదిహేను నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లమను, కుక్కకి టీకా ఉన్నా సరే. కుక్కని ఉంచుకోవడం కుదరకపోతే రోడ్డు మీద వదలకుండా నీకే తెచ్చివ్వాలని ముందే మాట తీసుకో. మూడోరోజు, పదోరోజు, నెలకి ఫోన్ చెయ్యి.

ముందు ఆ గంప పరీక్ష చేసి ఏమైందో రాయి. ఏ ఊళ్లో ఎవర్ని అడగాలో అప్పుడు చూద్దాం.

మీ పెద్దమ్మ