మీ నాయన బండి తాళం గురించి

బిడ్డా,

మొన్న ఫోన్‌లో నువ్వు ఏడుస్తుంటే నాకు ఏం చెప్పాలో తోచలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. డాక్టర్ డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, అని తేల్చి చెప్పాక కూడా మీ నాయన ఎక్సెల్ మోపెడ్ వేసుకుని చెల్కకు పోతున్నాడని, తాళం అడిగితే కొట్టినంత పని చేశాడని అన్నావు. మీ పెద్దనాయనతో నేను పడ్డదీ ఇదే.

ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన మనిషి ఆయన. శ్రీశైలం ఘాట్ రోడ్డు ఆయనకు ఇంటి వాకిలి లెక్క. ప్రమాదం చేయని డ్రైవరని ఇచ్చిన షీల్డు ఇప్పటికీ గోడకే ఉంది. అట్లాంటి మనిషికి స్కూటర్ నడపొద్దని ఎవరు చెప్తారు? పైగా నడపడం ఆయన మరిచిపోలేదు. మనం మోసపోయేది ఇక్కడే. గేరు, క్లచ్, బ్రేకు చేతికీ కాలికీ పట్టుబడిన పనులు, చాలాకాలం పోవు. ముందు పోయేది అంచనా. ఎదురొచ్చే లారీ ఎంత దూరంలో ఉందో, సిగ్నలూ అడ్డమొచ్చిన మేకా ఒకేసారి కనిపిస్తే ముందు ఏం చేయాలో తెలియదు. ఖాళీ రోడ్డు మీద బ్రహ్మాండంగా పోతాడు, చౌరస్తాలో బిత్తరపోతాడు. తనలో తేడా వచ్చిందని తనకే తెలియకపోవడం కూడా ఆ జబ్బులో భాగమే. నేను దాన్ని మొండితనం అనుకుని ఏడాది పాటు తిట్టాను.

మొదట అద్దం పగిలి వచ్చింది, ఎట్లా అంటే తెలవదన్నాడు. తర్వాత రైతుబజార్‌లో బండి వదిలేసి నడిచి ఇంటికొచ్చాడు. ఒక సాయంత్రం భూత్పూర్ దగ్గర హైవే మీద రాంగ్ రూట్లో పోతుంటే ఎవరో పుణ్యాత్ముడు ఆపి, జేబులో చీటీ చూసి నాకు ఫోన్ చేశాడు. ఆ రాత్రే తాళం బియ్యం డబ్బాలో దాచాను.

దాచి తప్పు చేశాను. రెండు రోజులు ఇల్లంతా తిరగేశాడు. పనామె మీద దొంగతనం మోపాడు. మూడోరోజు బస్టాండ్ దగ్గర తాళాలు చేసేవాణ్ణి ఇంటికి పిలుచుకొచ్చి కొత్తది చేయించుకున్నాడు. పొద్దున ఏం తిన్నాడో గుర్తుండని మనిషికి ఆ తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో! బండి రిపేరుకు పోయిందని చెప్పి చూడు అంటారు చాలామంది. జబ్బు బాగా ముదిరితే నడుస్తుందేమో గానీ, మీ నాయన ఇప్పుడున్న స్థితిలో మెకానిక్ దగ్గరికే పోయి కూర్చుంటాడు.

చివరికి మా ఇంట్లో పనిచేసింది ఒక్క మాట. డాక్టర్‌ను బతిమాలి చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించాను: 'డ్రైవింగ్‌కు అన్‌ఫిట్'. డిపోలో ఏళ్ల తరబడి మెడికల్ పరీక్షలకు పోయిన మనిషి కదా, ఆ మాట ఆయన ఎముకల్లో ఉంది. చదివి చాలాసేపు మాట్లాడలేదు. "నన్ను అన్‌ఫిట్ చేసిండ్రు" అని రాత్రి ఒక్కసారి అన్నాడు. తెల్లారి మళ్లీ మరిచిపోయి తాళం అడిగాడు, మళ్లీ చీటీ చూపించాను. అట్లా నెలరోజులు. స్కూటర్ మాత్రం అమ్మలేదు. పెట్రోలు తీసేసి వాకిట్లో పెట్టాను. రోజూ తుడుచుకునేవాడు.

మీ నాయనకు ఆ మాట పట్టకపోవచ్చు, అయినా డాక్టర్‌తోనే చెప్పించు, కాగితం మీద రాయించు. నువ్వో మీ అమ్మో చెప్తే ఆ కోపం అన్నం పెట్టే చేతి మీదికి మళ్లుతుంది, తర్వాత మందులు కూడా వేసుకోడు. అక్కడికి పోయినప్పుడే బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించారో లేదో అడుగు, నిద్రమాత్రలు వాడుతుంటే అదీ చెప్పు. వాటి వల్ల మతిమరుపు ఎక్కువైనవాళ్లు సరిచేస్తే కొంత తేరుకుంటారు. అంతవరకైనా బండి ఆగాల్సిందే.

లైసెన్సు సంగతి. 55 దాటినవాళ్లకు రెన్యువల్ 5 ఏళ్లకే, దానికి డాక్టర్ సంతకంతో ఫారం 1ఎ, అంటే మెడికల్ సర్టిఫికెట్, కావాలి. గడువు దగ్గర పడితే ఊరుకో, చేయించకు. 1988 మోటారు వాహనాల చట్టం 16వ సెక్షన్ కింద జబ్బు కారణంగా లైసెన్సు రద్దు చేసే అధికారం కూడా ఆర్టీఏ వాళ్లకుంది. అంతదాకా పోకపోతేనే మంచిది.

అసలు పని వేరే ఉంది. ఈ వారమంతా మీ నాయన ఎక్కడెక్కడికి పోతున్నాడో రాసిపెట్టు. చెల్క, బాదేపల్లి మార్కెట్ యార్డు, హోటల్లో చాయ్, శనివారం గుడి. ఆయనకు కావాల్సింది బండి అనుకుంటాం గానీ, ఆ నాలుగు చోట్లే. ఒక్కోదానికి ఒక్కో మనిషిని చూడు. చెల్కకు పక్క చేను అతన్ని, చాయ్‌కి తెలిసిన ఆటో పిల్లగాణ్ణి, నెలకింతని మాట్లాడుకుని. నాలుగూ తొందరగా కుదుర్చుకుని, వెంటనే బండి ఆపు. నేను తలకిందులుగా చేశాను. ముందు బండి ఆగింది, తర్వాత ఆయన అరుగు మీదే కూర్చుండిపోయాడు, మాట తగ్గింది. ఆరునెలల్లో అయిన నష్టం మళ్లీ పూడలేదు.

మీ అమ్మను ఎవరూ అడగరు, నువ్వైనా అడుగు. ఇన్నేళ్లూ ఆ బండి వెనక సీటే ఆమె బస్సు, ఆటో అన్నీ. ఆయన ఆగితే ఆమె కూడా ఇంట్లో పడిపోతుంది. పల్లెవెలుగులో ఆమెకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్, ఆయనకొక్కడికే డబ్బులు. నేను మీ పెద్దనాయనను అట్లానే వారానికి రెండుసార్లు తిప్పాను. ముందు సీట్లో కూర్చుని ఆయన డ్రైవర్‌కు సలహాలు చెప్పేవాడు. కొందరు విసుక్కున్నారు. ఒకతను మాత్రం "సార్, ఈ మూల మలుపు ఎట్లా కొట్టేది?" అని అడిగేవాడు. ఆ రోజు రాత్రి ఆయన కంటినిండా నిద్రపోయేవాడు.

నీకు మరీ గుండె బరువైతే 14416కు ఫోన్ చెయ్యి, మనసు బాధలకు సాయం చేసే టెలి మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

ఆదివారం పది గంటల బస్సుకు వస్తున్నాను. నేను వస్తున్నానని తెలిస్తే జడ్చర్ల బస్టాండ్‌కు ఎక్సెల్ మీద బయలుదేరతాడు మీ నాయన. ఆటో మాట్లాడుకుని ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వే రా. మీ పెద్దమ్మ సంచి బరువుంటుంది, ఎక్సెల్ మీద పట్టదని చెప్పు. అది అబద్ధం కూడా కాదు, పల్లీలు తెస్తున్నాను.

మీ పెద్దమ్మ