పోయిన డిపాజిట్, వచ్చిన బోర్డు

ప్రశ్న: సార్, 2019 పార్లమెంటు ఎన్నికల్లో మా నిజామాబాద్ పసుపు రైతులు పసుపు బోర్డు, మద్దతు ధర కావాలని గుంపుగా నామినేషన్లు వేశారు. మా పెద్దబాపు కూడా వేసి 25 వేల డిపాజిట్ పోగొట్టుకున్నాడు. ఒక్కరూ గెలవలేదు. ఇలాంటివాటికి ప్రభుత్వాలు కదులుతాయా? (ఒక పాఠకుడు, ఆర్మూర్)

జవాబు: మీ పెద్దబాపు గెలుద్దామని నిలబడలేదు కదా! ఆ ఎన్నికలో అభ్యర్థులు 185 మంది, ఎక్కువమంది రైతులే. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌లో 16 పేర్లే పడతాయి కాబట్టి ప్రతి బూత్‌లో 12 యూనిట్లు వరసగా పెట్టాల్సి వచ్చింది. అధికారులకు టెన్షన్, దేశమంతా వార్త. ఆ 25 వేలు పెట్టి రైతులు కొనుక్కున్నది అదే. సిట్టింగ్ ఎంపీ కవిత 70 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. గెలిచిన అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చినవారు. అయినా 2023 అక్టోబరులో, అసెంబ్లీ ఎన్నికలు ముంచుకొచ్చాకే ప్రధాని మహబూబ్‌నగర్‌లో బోర్డు ప్రకటించారు. 2025 సంక్రాంతికి అది మొదలైంది.

ఈ దారి పాతదే. 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి నల్గొండలో జనం ఇలాగే నామినేషన్లు వేస్తే బరిలో 480 మంది తేలారు, పోలింగే వాయిదా పడింది. అప్పటికి లోక్‌సభ డిపాజిట్ 500 రూపాయలు. అదే ఏడాది చట్టం మార్చి 10 వేలు చేశారు, ఇండిపెండెంట్‌కు పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. తర్వాత అది 25 వేలైంది. పౌరశాస్త్రం చెప్పినన్నాళ్లూ నాకు బాగా నచ్చిన ఉదాహరణ ఇది: నిలబడొద్దని ఎవరూ అనలేదు, టికెట్ రేటు పెంచారంతే.

డబ్బున్నవాళ్లకు ఈ అవస్థ లేదు. 2018 నుంచి, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా, ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంతిచ్చిందో జనానికి తెలియకుండా ఎన్నికల బాండ్లు కొనుక్కునే వీలుండేది. వాళ్లు క్యూలో నిలబడి నామినేషన్ వేయడం మీరెప్పుడైనా చూశారా?

ఇంకో సంగతి. రైతులు అడిగినవి రెండు, బోర్డూ మద్దతు ధరా. ఖజానాకు తక్కువ ఖర్చయ్యేది ముందిచ్చారు. పసుపుకు కేంద్రం మద్దతు ధర నేటికీ లేదు. బోర్డులో రైతుల ప్రతినిధులూ ఉంటారు, ఎగుమతిదారుల ప్రతినిధులూ ఉంటారు. ఒకరికి ధర పెరగాలి, ఇంకొకరికి సరుకు చవగ్గా దొరకాలి. అక్కడ రైతుల తరఫున కూర్చున్నది ఎవరో, వాళ్లు నిజంగా పసుపు పండించేవాళ్లేనో కాదో పెద్దబాపును కనుక్కోమనండి.