చిన్నీ, ముందు అమ్మకం సంగతి తేల్చుకో

చి.ల.సౌ. చిన్నికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. దిల్‌సుఖ్‌నగర్ ఫ్లాటు ఇంకా అమ్మకానికి పెట్టనే లేదు, బాచుపల్లి ఫ్లాటుకి మాత్రం ఆదివారం 5 లక్షలు అడ్వాన్సు ఇచ్చేద్దామనుకుంటున్నారు. అల్లుడుగారికి ఆఫీసు దగ్గరవుతుంది, పిల్లలకి స్కూలు కలిసొస్తుంది, అన్నీ సరే. ఆదివారం మాత్రం ఆగండి. ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీ అత్త అందుకుంటుంది, అందుకే రాస్తున్నాను.

ముప్పయ్యేళ్ళు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ణి. అయినా 2007లో నా సొంత ఇంటి దగ్గరే బోల్తా పడ్డాను. మలక్‌పేట ఫ్లాటు ఎప్పుడంటే అప్పుడు అమ్ముడుపోతుందన్న ధీమాతో వనస్థలిపురంలో ఇంటికి 2 లక్షలు బయానా ఇచ్చి, మూడు నెలల గడువు రాసుకున్నాను. నా ఫ్లాటుకి బేరం కూడా కుదిరింది. తీరా కొనేవాళ్ళ బ్యాంకు ఇంజనీరు వచ్చి చూసి, పైన పర్మిషన్ లేని అంతస్తు ఉందన్నాడు. లోను రాలేదు. ఆ అంతస్తు వేసింది బిల్డరు, నేను కాదు. ఎవరికి చెప్పుకోను? గడువు దాటింది, 2 లక్షలూ పోయాయి. ఊరందరి కాగితాలూ చూసినవాణ్ణి, నా అపార్ట్‌మెంట్ ప్లాను ఒక్కసారి తెరిచి చూసుకోలేదు.

అందుకని ముందు నీ ఫైలు బయటికి తీయి. కొనడానికి వచ్చేవాడు ఏమేం అడుగుతాడో అవన్నీ నువ్వే అడుక్కో. సేల్ డీడ్, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులు), మంజూరైన ప్లాను కాపీ, ఆస్తిపన్ను రసీదులు, అసోసియేషన్ దగ్గర బాకీ లేదన్న కాగితం. ఇంకో సంగతి నీకు తట్టి ఉండదు. 2012లో నువ్వు ఆ ఫ్లాటు కొన్నది పెళ్ళికి ముందు. డీడ్‌లో నీ పుట్టింటి ఇంటిపేరు ఉంది, ఆధార్‌లో, పాన్‌లో అత్తవారి ఇంటిపేరు ఉంది. మనకి ఇది మామూలే, బ్యాంకు లాయరు మాత్రం ఇద్దరు మనుషులా అని అడుగుతాడు. మ్యారేజ్ సర్టిఫికెట్, ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ ఇప్పుడే తయారుగా పెట్టుకో. ఇంత చిన్నదానికి రిజిస్ట్రేషన్లు వాయిదా పడటం నేను లెక్కలేనన్ని సార్లు చూశాను.

ఫ్లాటు మీద ఇంకా లోను ఉందన్నావు కదా, అసలు కాగితాలు బ్యాంకులోనే ఉంటాయి. దానికి భయపడనక్కర్లేదు. కొనేవాళ్ళ బ్యాంకు నీ బాకీ నేరుగా నీ బ్యాంకుకి కట్టి కాగితాలు తీసుకుంటుంది. నువ్వే ముందు తీర్చేస్తే, 2023 డిసెంబరు 1 నుంచి ఉన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 30 రోజుల్లో కాగితాలు తిరిగివ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకి 5,000 రూపాయలు నీకు చెల్లించాలి. ఈ మాట తెలిసినట్టు మాట్లాడు, పని త్వరగా అవుతుంది.

ధర సంగతి. పక్కింటావిడ "మాది 80కి అడిగారు" అంటే నమ్మకు. అడిగినవాళ్ళు చాలామంది ఉంటారు, ఇచ్చినవాళ్ళు తక్కువ. మీ అపార్ట్‌మెంట్‌లో ఈ రెండేళ్ళలో అమ్ముడైన ఫ్లాట్లకి ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించు, ఎంతకి రిజిస్టరైందో అందులోనే ఉంటుంది. బ్యాంకు లోనుతో కొన్నవాళ్ళ అంకె నిజానికి దగ్గరగా ఉంటుంది. పాత ఫ్లాటులో గోడలకి ఏడాదికేడాది విలువ తరుగుతుంది, పెరిగేది నీ వాటాకి వచ్చే స్థలం. డీడ్‌లో ఎన్ని గజాలు రాశారో చూసుకుని బేరానికి కూర్చో. మీది వెస్ట్ ఫేసింగ్. నాకు వాస్తు పట్టింపు లేదు, కానీ మార్కెట్‌కి ఉంది. దాచకుండా ఫోన్లోనే చెప్పేయి, పట్టింపు ఉన్నవాళ్ళు రారు, నీకు ఆదివారాలు కలిసొస్తాయి. ఆషాఢంలో ఎవరూ రాలేదని కంగారుపడి ధర దించకు. కొనేటప్పుడు మాత్రం ఆ నెలే మంచిది, బేరం ఆడనిస్తారు.

ఏజెంటు ఒక్కడు చాలు. ముగ్గురికి చెబితే ముగ్గురూ మూడు రేట్లు పెడతారు. కమిషన్ ఎంతో ముందే మాట్లాడి వాట్సాప్‌లో రాయించుకో.

ఎవరో ఒకరు తప్పకుండా "గవర్నమెంట్ వాల్యూకి రిజిస్ట్రేషన్ చేద్దాం, మిగతాది క్యాష్" అంటారు. వద్దు. స్థలం, ఇల్లు బేరాల్లో 20,000 రూపాయలు, ఆపైన నగదు తీసుకోకూడదు. తీసుకుంటే ఎంత తీసుకున్నావో అంత జరిమానా పడొచ్చు. పైగా ఆ నోట్ల కట్టలతో బాచుపల్లిలో ఏం చేస్తావు?

70 లక్షలకి అమ్ముడైందనుకో. 50 లక్షలు, ఆపైన ధర అయితే కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపన్ను) కోసి నీ పాన్ మీద కడతారు. అంటే చేతికి 69 లక్షల 30 వేలు, అందులోంచి మీ బ్యాంకు బాకీ పోను మిగిలింది నీది. 28కి కొన్నావు కాబట్టి లాభం 42 లక్షలు. దాని మీద 12.5 శాతం, లేదా 2024 జూలై 23కి ముందు కొన్నది కనుక ధరల సూచీ ప్రకారం కొన్న ధర పెంచుకుని 20 శాతం, ఏది తక్కువైతే అది. అయితే ఆ లాభం మొత్తం రెండేళ్ళలోపు ఇంకో ఇంట్లో పెడితే పన్నే ఉండదు. ఒక మెలిక ఉంది. ఆ కొత్త ఇల్లు మూడేళ్ళలోపు అమ్మితే ఈ మినహాయింపు వెనక్కి పోతుంది. లెక్క ఆడిటరుకి ఒకసారి చూపించు.

ఇప్పుడు బాచుపల్లి. కోటి అన్నారు కదా. రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 7 లక్షల 50 వేలు. ఓసీ (కట్టడం పూర్తయింది, ఉండొచ్చు అని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్) రాకముందే కొంటే జీఎస్టీ ఇంకో 5 లక్షలు. ఓసీ వచ్చాక ఆ జీఎస్టీ లేదు. బిల్డరు ఈ అంకెలు చివర్లో చెబుతాడు, నువ్వు మొదట్లోనే అడుగు. 1,600 చదరపు అడుగులు అని బ్రోచర్లో ఉంటుంది, అది మెట్లు, లిఫ్టు, కారిడార్ల వాటా కలుపుకున్న అంకె. కార్పెట్ ఏరియా ఎంత అని అడిగి, టేపు పెట్టి కొలువు.

అన్నిటికంటే ముఖ్యమైనది తనఖా సంగతి. బిల్డరు ప్లాను తెచ్చుకునేటప్పుడు కట్టే విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి తనఖా పెడతాడు. ఓసీ వచ్చాకే అది విడుదల అవుతుంది. మీకు చూపించిన ఫ్లాటు ఆ పదిశాతంలో ఉందేమో ముందు చూడు. మిగతావాటికన్నా కాస్త తక్కువకి ఇస్తామంటే అనుమానించాల్సింది అక్కడే. రెండోది, ఆ ఫ్లాటు బిల్డరు వాటాదా, స్థలం యజమాని వాటాదా? స్థలం యజమాని, బిల్డరు రాసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, దాని తర్వాత పంపకాలకి రాసుకున్న సప్లిమెంటరీ అగ్రిమెంట్ రెండూ అడిగి ఫ్లాటు నంబరు వెతుకు. యజమాని అమెరికాలో ఉన్నాడని చూచాయగా అన్నావు. ఆయన వాటా అయితే టీడీఎస్ 1 శాతంతో సరిపోదు, ఎక్కువ కోయాలి. కోయకపోతే ఆదాయపన్ను శాఖ నిన్నే అడుగుతుంది. ఆయన తరఫున సంతకం పెట్టేవాడి పవర్ ఆఫ్ అటార్నీ అక్కడి ఇండియన్ కాన్సులేట్‌లో అయిందా, ఇక్కడికొచ్చిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించారా అని చూడాలి.

ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) లేదని, చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్ళు నిలిచే మేర), దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లో లేదని చూసుకోవాలి. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ మాట అందరి నోటా వినిపిస్తోంది గానీ, 2016 సెప్టెంబరు వానలకి అటు నిజాంపేట వైపు సెల్లార్లలో నీళ్ళు నిలిచినప్పుడే బుద్ధి రావాల్సింది. గట్టి వాన పడ్డ మర్నాడు వెళ్ళి ఆ వీధిలో నడవండి. వాచ్‌మన్‌తో మాట్లాడు, మంజీరా నీళ్ళు వస్తాయా, ట్యాంకర్లు వస్తాయా అని. సేల్స్ అబ్బాయి కన్నా అతను నిజం చెబుతాడు.

రేరా (బిల్డర్ల మీద నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ) నంబరు ఉన్న ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. నువ్వు 10 శాతం దాకా కూడా వెళ్ళకు. 50 వేలు, బ్యాంకు ద్వారా. రసీదు మీద, లాయరు అభిప్రాయం సరిగా రాకపోయినా, లోను తిరస్కరించినా డబ్బు వాపసు అని రాయించు. ఒప్పుకోకపోతే వేరే ఫ్లాటు చూద్దాం. బాచుపల్లిలో ఫ్లాట్లకి కరువా?

నీ ఫ్లాటు కొనేవాళ్ళకి 90 రోజుల గడువు ఇస్తే, అక్కడ నువ్వు 150 రోజులు అడుగు. ఆ మధ్య ఇల్లు లేకుండా పోతామన్న టెన్షన్ వద్దు. రిజిస్ట్రేషన్ అయ్యాక రెండు నెలలు అద్దెకి అందులోనే ఉంటామని అగ్రిమెంట్‌లో రాయిద్దాం, చాలామంది ఒప్పుకుంటారు. నాలాగా 2 లక్షలు పోగొట్టుకునే కన్నా రెండు నెలల అద్దె నయం.

శనివారం పొద్దున్నే మెట్రోలో వస్తాను. ఫైలు బల్ల మీద పెట్టి ఉంచు, అల్లుడుగారిని పదింటి వరకూ ఎక్కడికీ వెళ్ళొద్దని నా మాటగా చెప్పు. మీ అత్త గోంగూర పచ్చడి పంపిస్తానంటోంది, ఖాళీ సీసా ఒకటి కడిగి పెట్టు.

ఆశీస్సులతో,
మావయ్య