52 వేల ప్లేయర్ కన్నా ముందు హెడ్‌ఫోన్ ఏమడుగుతోందో చూడండి

ప్రశ్న: హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. నెలకు 48,000 చేతికొస్తుంది. ఇంటికి పంపేదీ, అద్దె, ఖర్చులూ కలిపి 36,000 పోతాయి. బ్యాంకులో 60,000 ఉన్నాయి. అమెరికా నుంచి వచ్చిన మా బావ సెన్‌హైజర్ హెచ్‌డీ 600 హెడ్‌ఫోన్ ఇచ్చారు. నా ఫోన్‌కి జాక్ లేదు. పక్కన పెట్టేసిన పాత ఫోన్‌కి తగిలిస్తే సౌండ్ నీరసంగా వస్తోంది. షాపులో 52,000 మ్యూజిక్ ప్లేయర్ తీసుకోమంటున్నారు. 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. తీసుకోవచ్చా? సెకండ్ హ్యాండ్‌లో చూసుకోమంటారా?

జవాబు: ఇప్పుడు తీసుకోవద్దు. పాటలు వినాలన్న మీ కోరికకు నేను అడ్డు చెప్పడం లేదు. మంచి హెడ్‌ఫోన్ చేతికొచ్చాక దాన్ని బీరువాలో పెట్టుకోమనడం అన్యాయం. కానీ ఆ హెడ్‌ఫోన్‌కి కావలసింది 52,000 ఖరీదు చేసే వస్తువు కాదు.

మీ హెచ్‌డీ 600 ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అది అడ్డుపడే మోతాదు, 300 ఓమ్స్. మామూలు ఇయర్‌ఫోన్లకు 16 నుంచి 32 ఓమ్స్ ఉంటుంది. 300 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కి కరెంటు పెద్దగా అక్కర్లేదు, వోల్టేజీ కావాలి. కంపెనీ లెక్క ప్రకారం 1 వోల్టు అందితే ఇది 97 డెసిబెల్స్ సౌండ్ ఇస్తుంది. చాలా ఫోన్ల జాక్ ఆ 1 వోల్టు కూడా ఇవ్వలేదు, నీరసం అక్కడే వస్తోంది. వోల్టేజీ రెట్టింపైతే 6 డెసిబెల్స్ పెరుగుతాయి. అంటే 2 వోల్టులకు 103. మీరు సగటున 75, 80 డెసిబెల్స్‌లో వింటారనుకుందాం. పాటలో తబలా దెబ్బో, వయొలిన్లన్నీ ఒక్కసారి లేచే చోటో ఇంకో 15, 20 పైకి పోతుంది. దానికీ 2 వోల్టులు చాలు. వారానికి 40 గంటలు వినేవాళ్లు సగటు 80 దాటకుండా చూసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది కాబట్టి, అంతకన్నా గట్టిగా వినే ఆలోచన ఎలాగూ వద్దు.

ఆ 2 వోల్టులు ఇచ్చే యూఎస్‌బీ డాంగిల్స్ ఐదు వేల లోపే దొరుకుతున్నాయి. బొటనవేలంత ఉంటాయి, ఒక కొస ఫోన్ ఛార్జింగ్ పోర్టులో గుచ్చి, రెండో కొసకు హెడ్‌ఫోన్ తగిలిస్తే సరిపోతుంది. యాపిల్ డాంగిల్ ఇంకా చవకే కానీ, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని వాల్యూమ్ పూర్తిగా పెరగదు. మీకు అది వద్దు. కొనేటప్పుడు పవర్ ఎంతో చెప్పే మిల్లీవాట్ల అంకె ఒక్కటే చూసి మోసపోకండి, అది తరచూ 32 ఓమ్స్ దగ్గర చెప్పే అంకె. 300 ఓమ్స్ దగ్గర ఎన్ని వోల్టులు ఇస్తుందో అడగండి.

షాపువాళ్లు మీకు చెప్పి ఉండాల్సిన మాట ఇంకొకటుంది. హెచ్‌డీ 600 వెనక వైపు తెరిచి ఉండే హెడ్‌ఫోన్. మీ పాట పక్కవాళ్లకు వినిపిస్తుంది, బయటి రొద మీ చెవిలో పడుతుంది. మెట్రోలో, బస్సులో పెట్టుకునేది కాదు, ఇంట్లో కూర్చుని వినేది. ఆ 52,000లో మీరు కట్టేది చాలావరకు బ్యాటరీకి, స్క్రీన్‌కి, జేబులో పట్టే సైజుకి. ఇంట్లో కుర్చీలో కూర్చుని వినేవాడికి వాటితో పనేంటి? పాటల మధ్యలో ఫోన్ మోగడం ఇబ్బందైతే, ఆ పాత ఫోన్‌నే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పాటలు అందులో నింపి, డాంగిల్ తగిలించండి. అదే మీ ప్లేయర్. డాంగిల్ కొనే ముందు ఆ ఫోన్ ఓటీజీ (ఛార్జింగ్ పోర్టుకి తగిలించిన పరికరాన్ని వాడుకునే సౌకర్యం) సపోర్ట్ చేస్తుందో లేదో మాత్రం చూసుకోండి.

ఇక డబ్బు సంగతి. నో కాస్ట్ అన్నా బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధరలో తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. 15 శాతం వడ్డీ అనుకుంటే మీ లెక్కలో అది సుమారు 700. ప్రాసెసింగ్ ఫీజు వేరే. మొత్తం సొమ్ము ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంట్ కూడా పోవచ్చు. ఇవి చిన్నవే. నన్ను ఆపుతున్నది వేరే లెక్క.

మీ నెల ఖర్చు 36,000. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో చేరినా తట్టుకోవాలంటే కనీసం నాలుగు నెలల ఖర్చు, అంటే 1,44,000 పక్కన ఉండాలి. మీ దగ్గరున్నది 60,000. నెలకు మిగిలే 12,000 అటు మళ్లిస్తే ఏడు నెలల్లో లోటు తీరుతుంది. 4,333 ఈఎంఐ నెత్తిన పెట్టుకుంటే అదే పని పదకొండు నెలలు పడుతుంది. ఈలోగా ఏ నెలైనా తడబడి క్రెడిట్ కార్డు బిల్లులో మినిమమ్ డ్యూ మాత్రమే కడితే, చాలా కార్డుల మీద నెలకు 3 శాతం పైనే వడ్డీ పడుతుంది. ఏడాదికి 36 శాతం దాటిపోతుంది. పాటల కోసం ఆ ఊబిలోకి మీరు దిగడం నాకు ఇష్టం లేదు.

అందుకని డాంగిల్ ఈ నెల మిగులులోంచే కొనండి. ఆ తర్వాత అత్యవసర నిధి నింపండి. అది నిండాక కూడా ప్లేయర్ మీద మనసుంటే నెలకు 4,000 చొప్పున ఆర్‌డీ కట్టి, ఆ డబ్బుతో దర్జాగా కొనుక్కోండి.

మీకు నచ్చేవి 1950ల, 60ల నాటి పాత పాటలైతే ఒక మాట. అప్పటి రికార్డింగులు చాలావరకు మోనో, అంటే రెండు చెవులకూ ఒకే సౌండ్. టేపు సరసర అందులోనే ఉంటుంది, ఏ ప్లేయర్ పెట్టినా పోదు. పైగా మంచి హెడ్‌ఫోన్‌లో ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. ఫైళ్లు సీడీ నాణ్యతలో, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉంటే సరిపోతుంది, అంతకు మించి ఖర్చు పెట్టకండి.

సెకండ్ హ్యాండ్ గురించి అడిగారు. అప్పటికి కొనాలనిపిస్తే అదీ మంచి దారే, ఈ వస్తువుల ధర త్వరగా పడిపోతుంది. కాకపోతే బ్యాటరీ లోపల బిగించి ఉంటుంది. అమ్మేవారి ఎదుటే మీ హెడ్‌ఫోన్ తగిలించి గంటసేపు పాటలు పెట్టి, ఛార్జింగ్ ఎంత దిగిందో చూడండి. బ్యాటరీ మార్చే సర్వీస్ సెంటర్ మన దేశంలో ఉందో లేదో ముందే కనుక్కోండి. లేదంటే ఆ బేరం వదిలేయండి.