బామ్మర్దే రాశాడంటున్నారు సరే, సాక్ష్యం యాడుంది?

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర మాకు పన్నెండు రూముల లాడ్జి ఉంది సార్. మేము దొంగ దర్శనం టికెట్లు అమ్ముతామని ఎవరో ఫేక్ పేరుతో రివ్యూ రాశారు, పది నెలలైంది, బుకింగులు సగానికి పడిపోయినాయి. ఆస్తి పంపకాల్లో గొడవపడిన నా బామ్మర్ది పనే ఇది, వాడుండేది చిత్తూరులో. మా వెబ్‌సైట్ అనలిటిక్స్‌లో రోజూ రాత్రి 11:40కి చిత్తూరు నుంచి ఎవరో వచ్చి చూసినట్టు పడతా ఉంది, వాడు డ్యూటీ దిగి ఇంటికొచ్చే టైమే అది. స్క్రీన్‌షాట్ పంపిస్తున్నా. మా ఆవిడ పుట్టింటి ముఖం చూడలేక ఏడుస్తా ఉంది. తెలిసిన కుర్రోడు ఇరవై వేలిస్తే ఆ ఐపీ (నెట్ కనెక్షన్ నంబరు) ఎవరిదో పేరు, ఫోన్ నంబరు తీసిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: పంపకాల గొడవ, ఇంట్లో ఏడుపులు పక్కన పెడతాను, ఏమీ అనుకోవద్దు, రేపు జడ్జిగారూ పక్కనే పెడతారు. మీ సైట్ చూసినోడూ మీ మీద రాసినోడూ ఒకడే అని ఎక్కడుంది? రివ్యూ ఉన్నది వేరేవాళ్ల సర్వర్లో, అనలిటిక్స్ చూపించేది మీ సైటుకొచ్చిన వాళ్లని. వచ్చింది మీ బామ్మర్దే అనుకున్నా, లాడ్జి సైట్ తెరిచి చూడటం ఏ సెక్షన్ కింద నేరం?

ఆ స్క్రీన్‌షాట్ మీరు సరిగ్గా చూసినట్టు లేరు. 11:40 పక్కన చిన్నగా +0000 అని ఉంది, అంటే అది మన టైమ్ కాదు, అయిదున్నర గంటలు కలపాలి, తెల్లారి 5:10 అవుతుంది. డ్యూటీ దిగే టైమ్ కథ అక్కడే పోయింది. ఐపీ చివర సున్నా ఉంది చూడండి, విజిటర్ల ప్రైవసీ కోసం ఆ సర్వీసువాళ్లే చివరి భాగం చెరిపేసి పెట్టినట్టుంది, అట్లయితే 256 అడ్రెస్సుల్లో అది ఏదైనా కావచ్చు. పైగా మొబైల్ నెట్ అయితే ఒకే ఐపీ ఒకేసారి ఎంతోమంది కస్టమర్లు వాడుతుంటారు, పోర్ట్ నంబరు (ఒకే ఐపీలో ఒక్కో కనెక్షన్‌కి పడే నంబరు), సెకన్లతో సహా టైమ్ లేకుండా కంపెనీవాళ్లే మనిషిని తేల్చలేరు.

ఇంక చిత్తూరు అనే ఆ పేరు. ఐపీని బట్టి ఊరు చెప్పేది ఒట్టి అంచనా, నా ఫోన్‌లో చూస్తే ఇక్కడ తిరుపతిలో కూర్చున్నా ఒకరోజు చెన్నై అంటుంది, ఒకరోజు హైదరాబాద్ అంటుంది. అమెరికాలో, కచ్చితంగా ఎక్కడివో తేలని కోట్లాది ఐపీలకు ఒక కంపెనీ దేశం నడిమధ్యన ఒక పాయింట్ పెట్టేస్తే అది కాన్సస్‌లో ఒక పొలంలో ఇంటికి తగులుకుంది, ఆ ఇంట్లోవాళ్లకి ఏళ్ల తరబడి పోలీసుల రాకపోకలే, కారణం 2016లో గానీ బయటపడలేదు.

ఇరవై వేల కుర్రోడి సంగతి. ఒక్క రూపాయి ఇవ్వొద్దు. వాడు దొంగదారిన కంపెనీ డేటా లాగితే ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, డబ్బు పంపిన ఫోన్ మీది కాబట్టి పక్కన మీరూ ముద్దాయే. లాగకుండా నోటికొచ్చిన పేరు చెప్పే అవకాశమే ఎక్కువ, ఆ పేరు మీరు వాట్సాప్ స్టేటస్‌లో పెడితే పరువు నష్టం కేసు వేసేది మీ బామ్మర్ది.

అసలు పది నెలలు ఏం చేస్తా కూర్చున్నారండీ? నష్టపరిహారం దావాకి లిమిటేషన్, అంటే కేసు వేసే గడువు, ఒక్క ఏడాదే, లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 75, రివ్యూ పెట్టిన రోజు నుంచి లెక్క. క్రిమినల్‌గా వెళ్తే, బీఎన్ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 356 కింద మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లైంటుకి మూడేళ్లుంది, కానీ డబ్బు కావాలంటే మీ చేతిలో ఉన్నది రెండు నెలలు.

ఈ వారంలోనే రివ్యూ పేజీని పూర్తి లింకు, తేదీ కనపడేట్టు సేవ్ చేసుకోండి. దానికి భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63 కింద సర్టిఫికెట్ కావాలి, ఎ భాగం మీరు, బి భాగం ఎక్స్‌పర్టు, హ్యాష్ వాల్యూతో (ఫైలు మారలేదని చూపే డిజిటల్ వేలిముద్ర) సహా, ఇది లేకపోతే ప్రింటవుట్ చిత్తుకాగితం. ఇదయ్యే దాకా రివ్యూ తీసేయమని రిపోర్ట్ కొట్టొద్దు, తీసేసిన కంటెంటు రికార్డు ప్లాట్‌ఫారమ్ 180 రోజులు ఉంచితే చాలు, తర్వాత అడిగినా ఏమీ మిగలకపోవచ్చు. ఆ తర్వాత తిరుపతి కోర్టులోనే దావా వేయండి, నష్టం జరిగింది ఇక్కడే కాబట్టి చిత్తూరు పోనక్కర్లా. రాసిందెవరో తెలీదు కదా, ప్రతివాదిగా 'అశోక్ కుమార్' అని పెడతారు, మన కోర్టుల్లో గుర్తు తెలియని మనిషికి ఉన్న పేరు అది. ప్లాట్‌ఫారమ్‌ని కూడా పార్టీ చేసి, అకౌంటు వివరాలు, లాగిన్ ఐపీలు, పోర్టులు, టైములు ఇప్పించమని అదే రోజు పిటిషన్ వేయండి. ఆ ఐపీలు పట్టుకుని నెట్ కంపెనీని అడిగేది కూడా కోర్టు ద్వారానే, 2017లో సుప్రీంకోర్టు ప్రైవసీని ప్రాథమిక హక్కు అన్నాక మీకో నాకో ఊరికే ఇవ్వరు.

దావా వేసి నిద్రపోవద్దు. తర్వాత అసలు మనిషి పేరు చేర్చినప్పుడు లిమిటేషన్ చట్టం 21 ప్రకారం అతని మీద దావా చేర్చిన రోజే వేసినట్టు లెక్క, ముందే చేర్చకపోవడం మంచి ఉద్దేశంతో జరిగిన పొరపాటేనని కోర్టు ఒప్పుకుంటేనే పాత తేదీ దొరుకుతుంది. అందుకే ఆ పేరు ఏడాది లోపలే బయటికి రావాలి. అది మీ బామ్మర్ది పేరు కాకపోవచ్చు కూడా, దానికీ సిద్ధపడి రండి.