కిడ్నీ జబ్బున్న పెద్దాయనకి తుంటి విరిగితే: నొప్పికి ఏం ఇవ్వొచ్చు, మత్తు ఎలా ఇస్తారు?

మీరు రాసినదాన్ని బట్టి నాన్నగారికి 66 ఏళ్ళు, 45 కిలోలు, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 4.1, డయాలసిస్ ఇంకా మొదలవలేదు. కవిటిలో జారిపడి తుంటి విరిగింది. శ్రీకాకుళం తీసుకెళ్ళేలోగా ఊళ్ళో ఆరెంపీ గారు నొప్పి ఇంజెక్షన్ చేస్తానంటున్నారు. చేయించొచ్చా, ఆపరేషన్‌కి నడుముకి మత్తు మంచిదా, పూర్తి మత్తా అన్నది మీ ప్రశ్న.

ఆ ఇంజెక్షన్ వద్దు. ఊళ్ళో నొప్పి ఇంజెక్షన్ అంటే దాదాపుగా డైక్లోఫెనాకే. తుంటి విరిగితే లోపల్లోపలే రక్తం పోతుంది, మనిషి తిండీ నీళ్ళూ మానేస్తాడు. అప్పుడు కిడ్నీకి ఆ కాస్త రక్తమైనా అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఈ మందు వాటినే ఆపేస్తుంది. దాంతో క్రియాటినిన్, పొటాషియం పెరిగి ఆపరేషన్ వాయిదా పడుతుంది. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న మన ఉద్దానంలో ఈ సంగతి చాలామందికి తెలుసు, కానీ బిళ్ళల దగ్గర మోసపోతారు. పారాసెట్మాలే కదా అని వేసేదాంట్లో ఏసిక్లోఫెనాక్ కలిసి ఉంటుంది. స్ట్రిప్ వెనక చదవండి.

ఉత్త పారాసెట్మాల్ 650 ఆరు గంటలకొకటి చొప్పున, రోజుకి నాలుగు మించకుండా ఇవ్వొచ్చు. అది చాలకపోతే డాక్టరు చెప్పాక ట్రమడాల్ 50, పన్నెండు గంటలకొకసారి. వాంతులవుతాయి, దానికి మందు అడగండి. మార్ఫిన్ మాత్రం మంచిది కాదు, అది విరిగి ఏర్పడే పదార్థాలు కిడ్నీ నుంచే పోవాలి. అవి పేరుకుంటే మనిషి మగతలోకి జారి ఊపిరి నెమ్మదిస్తుంది. ఆస్పత్రిలో అయితే ఫెంటనిల్ కొంచెం కొంచెంగా ఇవ్వడం మేలు. నరాల నొప్పికిచ్చే ప్రీగాబాలిన్ 75 రెండు పూటలా రాస్తే ఒకసారి అడిగి చూడండి, ఈ క్రియాటినిన్‌కి అది ఎక్కువ.

అన్నిటికన్నా బాగా పనిచేసేది నరం బ్లాకు, అంటే నొప్పి మోసే నరాల దగ్గర తిమ్మిరి మందు ఎక్కించడం. గజ్జ దగ్గర అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, ఇలియాకస్ కండరం మీది పొర కిందికి సన్న సూదితో 0.25 శాతం బుపివకెయిన్ అనే తిమ్మిరి మందు 30 మి.లీ. ఎక్కిస్తారు. అంటే 75 మిల్లీగ్రాములు, 45 కిలోల మనిషికి కిలోకి 2 మి.గ్రా. లోపే. మందు పొర పైనే ఉండిపోతే బ్లాకు పట్టదు, పొర కింద పాయలా పరుచుకోవడం తెరమీద కనబడాలి. పట్టడానికి 20, 30 నిమిషాలు. తర్వాత కొన్ని గంటలు కాలు కదిపినా కేకలుండవు. 2018లో వచ్చిన పెంగ్ బ్లాకు ఇంకా లోతుగా, తుంటి కీలుకి వెళ్ళే నరాల దగ్గరే ఇస్తారు. దానికి 20 మి.లీ. సరిపోతుంది, తొడ కండరం బలం కూడా అంతగా తగ్గదు. చేరగానే "బ్లాకు ఇస్తారా సార్" అని మత్తు డాక్టరుగారిని అడగండి. ఆపరేషన్ రోజు దాకా ఆగనక్కర్లేదు.

నడుముకా, పూర్తిగానా అన్నదానికి జనం ఇచ్చేంత ప్రాముఖ్యం లేదు. అమెరికా, కెనడాల్లో 1600 మందితో చేసి 2021లో ప్రచురించిన రీగెయిన్ అధ్యయనంలో, 60 రోజుల తర్వాత చనిపోయినవారు, మనిషి సాయం లేకుండా నడవలేనివారు కలిపి స్పైనల్ (నడుముకి మత్తు) వాళ్ళలో 18.5 శాతం, పూర్తి మత్తు వాళ్ళలో 18.0 శాతం. స్పైనల్ అయితే హెవీ బుపివకెయిన్ 1.6 నుంచి 2 మి.లీ. చాలు. బీపీ పడితే లీటర్ల కొద్దీ సెలైన్ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, మందుతోనే ఎత్తాలి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే క్లోపిడోగ్రెల్ వాడుతుంటే ముందే చెప్పండి, స్పైనల్‌కి అది అడ్డు. పూర్తి మత్తయితే కండరాలు సడలడానికి అట్రాక్యూరియం వాడతారు. అది రక్తంలో దానంతటదే విరిగిపోతుంది, కిడ్నీతో పనిలేదు. అసలు చూడాల్సింది పొటాషియం. 5.5 దాటితే ముందు దాన్ని దించాలి. మన వైపు నీరసంగా ఉన్నాడని కొబ్బరిబొండం కొట్టి ఇస్తారే, అది మాత్రం వద్దు, అందులో ఉన్నదే పొటాషియం.

కవిటి నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు పైమాటే. కాలు లాగి సరిచేయొద్దు. మోకాలి కింద దిండు పెట్టి, రెండు కాళ్ళ మధ్య దుప్పటి మడిచి, కదలకుండా వదులుగా కట్టండి. సెలైన్ ఎక్కించే కాన్యులా మణికట్టు, ముంజేతి నరాలకు కాకుండా అరచేతి వెనక వేయమనండి. రేపు డయాలసిస్‌కి ఫిస్టులా (రక్తనాళాలు కలిపి చేసే దారి) పెట్టాల్సింది ఆ నరాలకే.